అధిజాతీయ చట్టం: రాజ్యాలు, వ్యాపార సంస్థలు, అల్పసంఖ్యాక వర్గాలు – ఐరోపా అనుభవం

పరిచయం

అంతర్జాతీయ చట్టం రాజ్యాల మధ్య చట్టమని ఇంతకు ముందు భాగంలో చదివారు. రెండు రాజ్యాలు సంధి చేసుకుంటాయి. ఒకటి మాట తప్పితే అడిగే హక్కు రెండోదానికి ఉంటుంది. ఆ సంధివల్ల లాభపడవలసిన వర్తకుడికిగాని, కార్మికుడికిగాని నేరుగా అడిగే హక్కు ఉండదు. తన ప్రభుత్వం తన తరఫున మాట్లాడితే మాట్లాడినట్లు, లేకపోతే లేదు.

దీనికి భిన్నమైన చట్టం ఒకటి 20వ శతాబ్దంలో ఐరోపాలో రూపుదిద్దుకుంది. దాన్ని అధిజాతీయ చట్టం అంటారు. జాతీయ రాజ్యాలకు పైన ఉండే సంస్థలు దాన్ని చేస్తాయి, అమలును కనిపెట్టుకుని ఉంటాయి. రాజ్యాలే దానికి సమ్మతించాయి. కాని ఒకసారి సమ్మతించిన తరవాత దాని అర్థాన్ని నిర్ణయించే అధికారం ఏ ఒక్క రాజ్యం చేతిలోనూ మిగలలేదు.

పాఠ్యగ్రంథాలు దీన్ని సాధారణంగా రాజ్యాల సార్వభౌమాధికారం తగ్గిపోయిన కథగా చెబుతాయి. అది నిజమే కాని సగం నిజం. ఆ అధికారం తగ్గినచోట ఎవరికి బలం వచ్చింది? ముందు ఎవరికి వచ్చింది, ఎవరికి ఆలస్యంగా వచ్చింది? ఈ భాగంలో ఆ ప్రశ్ననే అనుసరిద్దాం. వర్తక సంస్థలకు 1963లో దొరికిన దారి జాతిపరమైన అల్పసంఖ్యాకులకు 2000 వరకు దొరకలేదు. చిత్రమేమిటంటే, రాజ్యానికి పైనున్న చట్టం తమను కాపాడాలని మొదట అడిగినవాళ్లు వాళ్లే.

జెనీవాకు వెళ్లిన అర్జీలు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక మధ్య, తూర్పు ఐరోపాల్లో కొత్త సరిహద్దులు గీశారు. ఎక్కడ గీసినా గీతకు తప్పు వైపున కొందరు మిగిలిపోయారు. పోలండ్‌లో జర్మన్లు, యూదులు, ఉక్రేనియన్లు ఉండిపోయారు. రొమేనియాలో హంగేరియన్లు మిగిలారు. వీళ్ల రక్షణకోసం కొత్త రాజ్యాలచేత ప్రత్యేక సంధులమీద సంతకాలు చేయించారు. వాటిలో మొదటిది 1919 జూన్ 28న పోలండ్ చేసిన సంధి. వెర్సాయ్ సంధి కుదిరిన రోజే ఇది కూడా కుదిరింది. మతం, భాష, పాఠశాలలు, పౌరసత్వం విషయాల్లో అల్పసంఖ్యాకులకు సమాన హక్కులు ఉంటాయనీ, ఆ హామీకి నానాజాతి సమితి పూచీ అనీ అందులో రాశారు.

హక్కు కాగితంమీద బాగానే ఉంది. దాన్ని అడిగే పద్ధతిలోనే చిక్కు ఉంది. అల్పసంఖ్యాకులు సమితికి అర్జీ పంపుకోవచ్చు. అయితే అది సమాచారం మాత్రమే. అర్జీదారు వాది కాడు. సమితి మండలిలో సభ్యత్వం ఉన్న ఏదో ఒక రాజ్యం ఆ విషయాన్ని పట్టించుకుని పైకి తెస్తేనే అది వివాదమవుతుంది. ఇంకో లోపం కూడా ఉంది. ఈ బాధ్యతలు ఓడిన రాజ్యాలమీద, కొత్తగా పుట్టిన రాజ్యాలమీద పెట్టారు. బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ తమమీద అలాంటి షరతులేవీ పెట్టుకోలేదు. పోలండ్‌కు ఇది మొదటినుంచీ అవమానంగానే తోచింది.

ఒక్క ప్రాంతంలో పద్ధతి కొంచెం మెరుగ్గా ఉండేది. బొగ్గు గనులున్న ఎగువ సైలీషియాను జర్మనీ, పోలండ్‌లమధ్య పంచినప్పుడు 1922 మే 15న జెనీవాలో 15 ఏళ్లకు ఒక ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం అక్కడి వ్యక్తులు నేరుగా సమితి మండలికి అర్జీ పెట్టుకోవచ్చు. 1933లో ఫ్రాంజ్ బెర్న్‌హైమ్ అనే యూదు ఉద్యోగి ఆ దారినే పట్టాడు. గ్లైవిట్స్ పట్టణంలో ఒక పెద్ద దుకాణంలో పనిచేసే అతణ్ణి, యూదు అన్న కారణంగా ఆ ఏడాది ఏప్రిల్‌లో పనిలోంచి తీసేశారు. మే నెలలో అతని అర్జీ జెనీవా చేరింది. హిట్లర్ ప్రభుత్వం అధికారంలోకి వచ్చి అప్పటికి నాలుగు నెలలు కూడా పూర్తిగా గడవలేదు. జర్మనీ ప్రతినిధులు ఇబ్బందిలో పడ్డారు. చివరికి యూదు వ్యతిరేక చట్టాలను ఎగువ సైలీషియాలో అమలు చేయబోమని ఒప్పుకోవలసి వచ్చింది. ఒడంబడిక గడువు తీరిన 1937 జూలై 15 వరకు ఆ జిల్లాల్లో ఆ చట్టాలు నడవలేదు. గడువు తీరగానే వచ్చిపడ్డాయి.

ఈ సంఘటనను చరిత్ర పుస్తకాలు చాలావరకు పక్కన పెడతాయి. పెట్టకూడదు. ఒక మామూలు ఉద్యోగి చేతికి దారి ఇస్తే నాజీ రాజ్యాన్ని సైతం నాలుగేళ్లు ఆపగలిగారు. మిగతా జర్మనీలోని యూదులకు ఆ దారి లేదు. 1933 అక్టోబరులో జర్మనీ సమితినుంచి వైదొలగుతున్నట్లు ప్రకటించింది. 1934 సెప్టెంబరులో పోలండ్, అల్పసంఖ్యాకుల విషయంలో సమితికి ఇక సహకరించబోనని ప్రకటించింది. అంతటితో ఆ వ్యవస్థ దాదాపు ముగిసినట్లే.

బొగ్గు, ఉక్కు

రెండో యుద్ధం తరవాత ఐరోపా నాయకులు అల్పసంఖ్యాకుల సంధులను మళ్లీ ఎత్తుకోలేదు. హిట్లర్ చెకొస్లొవేకియాలోని జర్మన్ల రక్షణ పేరుతోనే ఆ దేశాన్ని ముక్కలు చేశాడు. అందువల్ల ఆ మాటకే చెడ్డపేరు వచ్చింది. ఈసారి వాళ్లు పరిశ్రమలతో మొదలుపెట్టారు.

1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్, ఫ్రాన్స్, జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉమ్మడి అధికారం కిందికి తేవాలని ప్రతిపాదించాడు. ఆలోచన వెనుక ఉన్నవాడు ఝాఁ మొనే. ఫిరంగులు చేయడానికి కావలసిన ఉక్కు ఉమ్మడి లెక్కలో ఉంటే ఒకరికి తెలియకుండా ఇంకొకరు యుద్ధానికి సిద్ధం కాలేరన్నది తర్కం. 1951 ఏప్రిల్ 18న ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ పారిస్‌లో సంతకాలు చేశాయి. 'అధిజాతీయ' అనే మాట ఆ సంధిలోనే, 9వ అధికరణంలో కనబడుతుంది. 1957 మార్చి 25న అవే ఆరు రాజ్యాలు రోమ్ సంధి చేసుకున్నాయి. 1958 జనవరి 1 నుంచి ఐరోపా ఆర్థిక సమాజం అమల్లోకి వచ్చింది. లక్సెంబర్గ్‌లోని న్యాయస్థానం ఈ సంధులన్నిటికీ ఉమ్మడి న్యాయస్థానమయింది.

రోమ్ సంధిలో అల్పసంఖ్యాకుల మాట లేదు. సుంకాలు, కోటాలు, సరుకుల రవాణా, పోటీ, వ్యవసాయ ధరలు – ఇవే ఉన్నాయి.

ఐదు శాతం సుంకం

1960 సెప్టెంబరులో వాన్ గెండ్ ఎన్ లోస్ అనే డచ్ రవాణా కంపెనీ పశ్చిమ జర్మనీనుంచి యూరియా ఫార్మాల్డిహైడ్ అనే రసాయనాన్ని దిగుమతి చేసుకుంది. జిగురులు, రెజిన్ల తయారీలో వాడే పదార్థమది. రోమ్ సంధి అమల్లోకి వచ్చేనాటికి దానిమీద సుంకం 3 శాతం. తరవాత నెదర్లాండ్స్ సుంకాల పట్టికను మార్చి ఆ సరుకును వేరే తరగతిలో చేర్చింది. సుంకం 8 శాతమయింది. రేటు పెంచలేదు, వరస మార్చామంతే అన్నది అధికారుల వాదన. ఏ దేశపు సుంకాల శాఖకైనా తెలిసిన వాదనే ఇది.

సభ్యరాజ్యాలు తమ మధ్య కొత్త సుంకాలు వేయకూడదు, ఉన్నవి పెంచకూడదు అని రోమ్ సంధి 12వ అధికరణం చెబుతుంది. కంపెనీ దాన్ని చూపించి డచ్ సుంకాల న్యాయమండలికి వెళ్లింది. ఆ మండలి తానే తీర్పు చెప్పకుండా లక్సెంబర్గ్‌కు ఒక ప్రశ్న పంపింది: 12వ అధికరణాన్ని ఆధారం చేసుకుని ఒక ప్రైవేటు సంస్థ తన దేశపు కోర్టులో హక్కు అడగవచ్చా?

ఇలా ప్రశ్న పంపే పద్ధతిని రోమ్ సంధి 177వ అధికరణం ఏర్పాటు చేసింది. నేటి సంధిలో అది 267వ అధికరణం. దీన్ని బాగా గుర్తుంచుకోండి. కేసు దేశీయ కోర్టులోనే నడుస్తుంది. ఉమ్మడి చట్టం అర్థమేమిటన్న ఒక్క ప్రశ్న మాత్రం లక్సెంబర్గ్ వెళ్లి జవాబుతో తిరిగి వస్తుంది. చివరి తీర్పు చెప్పేది దేశీయ న్యాయమూర్తే. అందుకే ఆ తీర్పును కాదనడం ప్రభుత్వాలకు కష్టమయింది. పరాయి కోర్టు మాటను పెడచెవిన పెట్టవచ్చు, సొంత కోర్టు మాటను పెట్టలేరు.

నెదర్లాండ్స్, బెల్జియం, పశ్చిమ జర్మనీ ప్రభుత్వాలు ఈ కేసులో కంపెనీకి వ్యతిరేకంగా వాదించాయి. ఆరింటిలో మూడు రాజ్యాలన్నమాట. సంధి రాజ్యాలమీద బాధ్యత పెట్టింది తప్ప వర్తకుడి చేతికి హక్కు ఇవ్వలేదని జర్మనీ అన్నది. న్యాయస్థానానికి సలహా చెప్పే అడ్వొకేట్ జనరల్ కార్ల్ రోమర్ అభిప్రాయం కూడా కంపెనీకి అనుకూలంగా లేదు. పాత అంతర్జాతీయ చట్టం లెక్కన చూస్తే వాళ్ల మాట తప్పు కాదు.

1963 ఫిబ్రవరి 5న న్యాయస్థానం వేరేగా తీర్పు చెప్పింది. ఈ సమాజం కొత్త రకం చట్టవ్యవస్థ అనీ, రాజ్యాలు దానికోసం తమ సార్వభౌమాధికారాన్ని కొన్ని రంగాల్లో పరిమితం చేసుకున్నాయనీ, దీని పరిధిలో రాజ్యాలే కాక వాటి పౌరులు కూడా ఉన్నారనీ చెప్పింది. తమ హక్కులను కాపాడుకోవడానికి పౌరులు చూపే జాగరూకతే చట్టం అమలుకు గట్టి కాపలా అన్నది దాని ఆలోచన. దీన్నే ప్రత్యక్ష వర్తన సూత్రం అంటారు. ఒక ప్రైవేటు కంపెనీకి పడిన ఐదు శాతం అదనపు సుంకంలోంచి ఇంత పెద్ద సూత్రం పుట్టింది.

మిలాన్ నగరంలో ఒక న్యాయవాది కరెంటు బిల్లు కట్టనన్నాడు. బిల్లు మొత్తం రెండు వేల లీరాల లోపే. ఇటలీ 1962లో విద్యుత్ కంపెనీలను జాతీయం చేసి ఎనెల్ అనే సంస్థను పెట్టింది. జాతీయం చేసిన కంపెనీల్లో ఒకదానిలో ఆయనకు వాటాలున్నాయి. జాతీయకరణ రోమ్ సంధికి విరుద్ధమన్నాడు. సంధిని ఆమోదించిన చట్టం కంటే జాతీయకరణ చట్టం తరవాతిది కనుక తరవాతిదే చెల్లుతుందని ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం 1964 మార్చిలో తేల్చింది. అదే ఏడాది జూలై 15న లక్సెంబర్గ్ న్యాయస్థానం కోస్టా కేసులో దానికి ఎదురుగా చెప్పింది: ఉమ్మడి చట్టాన్ని తరవాత వచ్చిన జాతీయ చట్టం కొట్టివేయలేదు. అలా కొట్టివేయగలిగితే ఆరు దేశాల్లో ఆరు రకాల ఉమ్మడి చట్టం ఉంటుంది. ఇది ఆధిక్యత సూత్రం. రోమ్ సంధిలో ఈ రెండు సూత్రాల్లో ఏదీ ఈ మాటల్లో రాసి లేదు.

రాజ్యాలు ఎంతవరకు తలవంచాయి?

వెంటనే తలవంచలేదు, పూర్తిగానూ వంచలేదు. పశ్చిమ జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1974లో ఒక షరతు పెట్టింది. జర్మన్ రాజ్యాంగం ఇచ్చే ప్రాథమిక హక్కులకు సమానమైన రక్షణ ఉమ్మడి చట్టంలో లేనంతకాలం తాము దాన్ని పరీక్షిస్తూనే ఉంటామన్నది. 1986లో ఆ రక్షణ ఉన్నంతకాలం పరీక్షించబోమన్నది. రెండు తీర్పులకూ 'ఉన్నంతకాలం' అని అర్థమిచ్చే జర్మన్ మాటతోనే పేరు వచ్చింది. గమనించండి, షరతు ఎత్తివేయలేదు, తిరగేసి పెట్టారు. ఈ ఒత్తిడివల్ల లక్సెంబర్గ్ న్యాయస్థానం కూడా ప్రాథమిక హక్కుల గురించి ఆలోచించక తప్పలేదు. హక్కుల భాష సరుకుల చట్టంలోకి అలా మెల్లగా చేరింది.

బ్రిటన్ అనుభవం ఇంకా నాటకీయమైనది. అక్కడ పార్లమెంటు చేసిన చట్టాన్ని ఏ కోర్టూ పక్కన పెట్టలేదన్నది తరతరాల సిద్ధాంతం. 1973లో బ్రిటన్ సమాజంలో చేరింది. ఉమ్మడి మత్స్య విధానం కింద ప్రతి దేశానికీ చేపల కోటా ఉంటుంది. స్పెయిన్ వాళ్లు బ్రిటన్‌లో కంపెనీలు పెట్టి, పడవలను అక్కడ నమోదు చేయించి బ్రిటన్ కోటాలోంచి చేపలు పట్టడం మొదలుపెట్టారు. దాన్ని ఆపడానికి పార్లమెంటు 1988లో నౌకల చట్టం చేసి, పడవ యాజమాన్యంలో కనీసం 75 శాతం బ్రిటిష్ వాళ్లదే కావాలన్నది. ఫ్యాక్టర్‌టేమ్ అనే కంపెనీ, మరికొందరు కోర్టుకెళ్లారు. 1990 జూన్ 19న లక్సెంబర్గ్ జవాబు వచ్చింది: ఉమ్మడి చట్టం ఇచ్చిన హక్కుకు జాతీయ నిబంధన అడ్డమైతే న్యాయమూర్తి ఆ నిబంధనను పక్కన పెట్టాలి. అదే ఏడాది ప్రభువుల సభ పార్లమెంటు చట్టం అమలును ఆ పడవల విషయంలో నిలిపివేసింది. ఇది బయటివాళ్లు రుద్దినది కాదనీ, 1972లో చేరిక చట్టం చేసినప్పుడే పార్లమెంటు తెలిసి ఒప్పుకున్నదనీ న్యాయమూర్తి లార్డ్ బ్రిడ్జ్ గుర్తుచేశాడు. జాలర్ల ఊళ్లలో మాత్రం ఆ వివరణ ఎవరినీ సమాధానపరచలేదు. 2016 జూన్ 23 నాటి ప్రజాభిప్రాయ సేకరణ ప్రచారంలో చేపల కోటాల మాట ఎంత పెద్దగా వినబడిందో చూస్తే ఈ కేసు నీడ ఎంత పొడవో తెలుస్తుంది. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వెళ్లింది.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. రాజ్యం సంధినుంచి బయటికి పోగలదు. ఆ అర్థంలో సార్వభౌమాధికారం ఎప్పుడూ దాని దగ్గరే ఉంది. లోపల ఉంటూనే ఇష్టమైనవి పాటించి మిగతావి మానేయడం మాత్రం కుదరదు. 1991లో ఫ్రాంకోవిచ్ తీర్పుతో దానికి ఖరీదు కూడా తేలింది. దివాలా తీసిన యజమానుల కింద పనిచేసినవాళ్లకు జీతం బకాయిలు ఇప్పించాలన్న ఉమ్మడి ఆదేశాన్ని ఇటలీ గడువులోగా చట్టంగా మార్చలేదు. దానివల్ల నష్టపోయిన కార్మికులకు రాజ్యమే పరిహారం బాకీ పడవచ్చని న్యాయస్థానం తేల్చింది.

వ్యాపారానికి వరం, వ్యాపారానికి భారం

1979 నాటి కాసీ ద దిజోన్ కేసు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. కనుక క్లుప్తంగా చెబుతాను. పండ్ల మద్యంలో కనీసం 25 శాతం ఆల్కహాలు ఉండాలని పశ్చిమ జర్మనీ చట్టం. ఫ్రాన్స్‌లో చేసే కాసీలో అది 15 నుంచి 20 శాతమే. తక్కువ మత్తు ఉన్న మద్యం జనానికి తాగుడు అలవాటు చేస్తుందని, కనుక ఇది ఆరోగ్య రక్షణ అని జర్మన్ ప్రభుత్వం గంభీరంగా వాదించింది. న్యాయస్థానం ఒప్పుకోలేదు. ఒక సభ్యరాజ్యంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడయ్యే సరుకును తగిన కారణం లేకుండా మరో రాజ్యం ఆపకూడదన్నది. 1987లో జర్మనీ బీరు స్వచ్ఛత నియమం కూడా దిగుమతుల విషయంలో ఇలాగే ఓడిపోయింది. దాని మూలం 1516 నాటిది.

కంపెనీలు ఈ దారిలో చాలా దూరం నడిచాయి. అయితే అదే దారిలో ఒక ఉద్యోగిని ఎదురొచ్చింది. గాబ్రియేల్ డెఫ్రెన్ బెల్జియం విమాన సంస్థ సబెనాలో ఎయిర్ హోస్టెస్. అదే పని చేసే మగవారికంటే ఆమెకు జీతం తక్కువ. నలభై ఏళ్లు నిండగానే ఆడవారిని ఇంటికి పంపే నిబంధన ఉండేది. ఆమెనూ 1968లో పంపారు. రోమ్ సంధి 119వ అధికరణంలో స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం అన్న మాట ఉంది. అది అక్కడికి ఎలా వచ్చిందో చూడండి. ఫ్రాన్స్‌లో సమాన వేతన చట్టం అప్పటికే ఉంది. పక్క దేశాల్లో ఆడవాళ్లకు తక్కువ కూలి ఇచ్చి చవకగా సరుకు చేస్తే తమ మిల్లులు నష్టపోతాయని ఫ్రాన్స్ భయపడి ఆ అధికరణాన్ని పెట్టించింది. అంటే స్త్రీల హక్కుగా కాదు, మిల్లు యజమాని రక్షణగా.

1976 ఏప్రిల్ 8న న్యాయస్థానం ఆ అధికరణాన్ని డెఫ్రెన్ చేతికి ఇచ్చింది. రాజ్యంమీదే కాదు, యజమానిమీద కూడా దాన్ని వాడవచ్చన్నది. బ్రిటన్, ఐర్లండ్ ప్రభుత్వాలు పాత బకాయిలన్నీ కట్టవలసి వస్తే కంపెనీలు మునిగిపోతాయని హెచ్చరించాయి. దాంతో అప్పటికే దావా వేసినవారికి తప్ప మిగతావారికి తీర్పు ఆ తేదీనుంచే వర్తిస్తుందని న్యాయస్థానం పరిమితి పెట్టింది. ఈ పరిమితిని కొందరు వివేకం అంటారు. బకాయిలు వదులుకున్నది ఎవరు అని అడిగితే ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోలేం.

డెఫ్రెన్ కేసు వంతెనలాంటిది. సుంకం కట్టనన్న కంపెనీ వేసిన బాటలో వివక్షకు గురైన మనిషి కూడా నడవగలదని అది చూపించింది. అయితే ఆ బాట స్త్రీ పురుష వివక్షకు, సభ్యరాజ్యాల పౌరసత్వాన్ని బట్టి చూపే వివక్షకు మాత్రమే. జాతి, తెగ కారణంగా చూపే వివక్ష గురించి సంధిలో ఒక్క మాట కూడా లేదు.

అల్పసంఖ్యాకుల వంతు

ఆ లోటు 1997 అక్టోబరులో సంతకాలైన ఆమ్‌స్టర్‌డామ్ సంధితో కొంత తీరింది. అది 1999 మే 1న అమల్లోకి వచ్చింది. జాతి, మతం, వయసు మొదలైన కారణాలతో చూపే వివక్షను ఎదుర్కొనే చట్టాలు చేసే అధికారం 13వ అధికరణం ఇచ్చింది. అధికారం ఉండటం వేరు, వాడటం వేరు. 2000 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలో హైడర్ నాయకత్వాన ఎదిగిన తీవ్ర జాతీయవాద పార్టీ ప్రభుత్వంలో చేరింది. మిగతా ప్రభుత్వాలకు తాము జాతివివక్షకు వ్యతిరేకమని చూపించుకోవలసిన అవసరం ఒక్కసారిగా వచ్చిపడింది. మామూలుగా ఏళ్లు పట్టే పని నెలల్లో అయింది. 2000 జూన్ 29న జాతి సమానత్వ ఆదేశం వెలువడింది. ఉద్యోగం, విద్య, ఇల్లు, వైద్యం, వస్తువులు, సేవలు – అన్నిటిలోనూ జాతి, తెగలనుబట్టి వివక్ష చూపకూడదని అది శాసించింది. ప్రైవేటు సంస్థలూ దాని పరిధిలోకి వచ్చాయి.

ఈ ఆదేశం ఎక్కడ బిగుసుకుందో తెలియాలంటే బల్గేరియాలోని దుప్నిత్స పట్టణానికి వెళ్లాలి. ఆ పట్టణంలో ఎక్కువగా రోమా ప్రజలు నివసించే ఒక పేట ఉంది. రోమా ప్రజల పూర్వులు శతాబ్దాల కిందట భారతదేశంనుంచి వలస వెళ్లినవారు. వారి భాషకు మన ఉత్తరాది భాషలతో చుట్టరికం ఉంది. ఐరోపాలో వారు ఎదుర్కొన్నంత వెలివేత ఎదుర్కొన్న సమూహాలు తక్కువ. 1999, 2000 సంవత్సరాల్లో ఆ పేటలో కరెంటు మీటర్లను స్తంభాలమీద ఆరేడు మీటర్ల ఎత్తున బిగించారు. మిగతా చోట్ల మీటరు ఎత్తు 1.70 మీటర్లు, అంటే మనిషి కంటికి అందే ఎత్తు. కరెంటు దొంగతనం, మీటర్ల చెడగొట్టుడు ఎక్కువగా ఉందని విద్యుత్ సంస్థ చెప్పిన కారణం. ఆ సంస్థ తరవాత చెజ్ అనే చెక్ విద్యుత్ సముదాయం చేతికి వెళ్లింది. సొంత దేశం దాటి వ్యాపారం చేసే ఆ కంపెనీయే ఇప్పుడు ఉమ్మడి చట్టం ముందు ప్రతివాది అయింది.

ఫిర్యాదు చేసింది ఆ పేటలో కిరాణా దుకాణం నడిపే ఒక మహిళ. ఆమె రోమా కాదు. తన మీటరు చదువుకోలేక, బిల్లు సరిగ్గా వేశారో లేదో తెలియక 2008లో ఫిర్యాదు చేసింది. రోమా కాని మనిషి రోమాలమీది వివక్షను ప్రశ్నించవచ్చా అన్నది మొదటి చిక్కు. 2015 జూలై 16న లక్సెంబర్గ్ న్యాయస్థానం విస్తృత ధర్మాసనం ప్రశ్నించవచ్చన్నది. ఒక సమూహాన్ని ఉద్దేశించిన వివక్ష ఎవరిని తాకినా వారికి రక్షణ ఉంటుందన్నది. ఎవరో కొందరు దొంగతనం చేశారని పేట మొత్తాన్ని, చేసినవాళ్లను, చేయనివాళ్లను ఒకే గాటన కట్టడం జనాన్ని కించపరచేదిగా, ముద్ర వేసేదిగా ఉందని ఎత్తి చూపింది. కారణాలు నిజంగా సరిపోతాయా, ఇంకో మార్గం లేదా అన్నది తేల్చే పని మాత్రం బల్గేరియా కోర్టుకే వదిలింది. ఇది వాన్ గెండ్ కేసునాటి పద్ధతే. కాకపోతే ఈసారి ప్రశ్న సుంకం గురించి కాదు, ఒక పేట మర్యాద గురించి.

విద్యార్థులు తరచు తడబడే విషయం ఒకటి ఉంది. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం లక్సెంబర్గ్‌లో లేదు, స్ట్రాస్‌బర్గ్‌లో ఉంది. అది ఐరోపా మండలికి చెందినది, ఐరోపా సమాఖ్యకు కాదు. చెక్ గణతంత్రంలోని ఓస్ట్రవా నగరానికి చెందిన 18 మంది రోమా పిల్లలు తమను బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పెట్టిన ప్రత్యేక బడుల్లో వేశారని స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్లారు. 2007 నవంబరు 13న గెలిచారు. ఒక్కొక్కరికి 4,000 యూరోల పరిహారం వచ్చింది. బడుల పద్ధతి మాత్రం ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. 2014లో ఐరోపా సమాఖ్య కమిషన్, జాతి సమానత్వ ఆదేశాన్ని ఆధారం చేసుకుని చెక్ గణతంత్రంమీద ఉల్లంఘన చర్య మొదలుపెట్టింది. మొదటి తీర్పు బాధితులకు న్యాయం చెప్పింది. రెండో చర్య రాజ్యాన్ని సొమ్ము జరిమానాదాకా లాగగలది. రెండు వ్యవస్థల తేడా ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

అధిజాతీయ చట్టం ఎప్పుడూ అల్పసంఖ్యాకుల పక్షాన్నే ఉంటుందని మాత్రం అనుకోకండి. ఇటలీలోని బోల్జానో రాష్ట్రంలో జర్మన్ మాట్లాడేవారు ఎక్కువ. అక్కడ రెండు భాషలూ వచ్చని నిరూపించే ఒక స్థానిక ధ్రువపత్రం ఉద్యోగాలకు అవసరమయ్యేది. అది ఆ ప్రాంతపు భాషా సమతౌల్యంకోసం పుట్టిన ఏర్పాటు. ఒక ప్రైవేటు బ్యాంకు ఆ పత్రాన్నే తప్పనిసరి చేయడం వేరే దేశాలనుంచి వచ్చే ఉద్యోగార్థులకు అన్యాయమని 2000లో న్యాయస్థానం తేల్చింది. భాష వచ్చని ఇంకోవిధంగా నిరూపించుకునే అవకాశం ఇవ్వాలన్నది. తర్కం సరైనదే. అయినా, మార్కెట్ స్వేచ్ఛ కొలబద్దతో కొలిస్తే ఒక భాషా సమూహం కట్టుకున్న చిన్న గోడ కూడా అడ్డంకిలాగే కనిపిస్తుంది.

జాతి సమానత్వ ఆదేశానికి ఇంకో పెద్ద పరిమితి ఉంది. అది పౌరసత్వాన్ని బట్టి చూపే తేడాను ముట్టుకోదు. లాత్వియా, ఎస్తోనియాల్లో సోవియట్ కాలంలో స్థిరపడి కొత్త రాజ్యపు పౌరసత్వం దొరకని రష్యన్ భాషీయులకు అందువల్ల పెద్దగా ఒరిగింది లేదు. ఇక 1993లో కోపెన్‌హేగెన్‌లో సమాఖ్య, కొత్తగా చేరదలచిన దేశాలు అల్పసంఖ్యాకులను గౌరవించాలని షరతు పెట్టింది. అప్పటికే లోపలున్న దేశాలను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఫ్రాన్స్ తన దేశంలో అల్పసంఖ్యాక వర్గాలున్నాయనే ఒప్పుకోదు. 1919లో పోలండ్ చేసిన ఫిర్యాదు ఇక్కడ మళ్లీ వినిపిస్తుంది.

సమాఖ్య బయట

భారతదేశంలో పరిస్థితి వేరు. మన ప్రభుత్వం చేసుకున్న సంధి దానంతటదే కోర్టులో అమలు కాదు. రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయాలి. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు, చట్టం లేని ఖాళీలో స్త్రీల వివక్ష నిర్మూలన ఒడంబడికను ఆధారంగా తీసుకుని పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులపై మార్గదర్శకాలిచ్చింది. అది న్యాయమూర్తుల చొరవ. డచ్ కంపెనీకి 1963లో దొరికినట్లు పౌరుడి చేతికి నేరుగా వచ్చిన హక్కు కాదు.

అయినా లక్సెంబర్గ్, బ్రస్సెల్స్‌ల చట్టం మన ఊళ్లదాకా వస్తూనే ఉంది. 2018 మే 25 నుంచి అమలైన వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన, ఐరోపా ఖాతాదారుల వివరాలు చూసే హైదరాబాదు ఐటీ కంపెనీల ఒప్పందాల్లో షరతులుగా చేరింది. భీమవరం, నెల్లూరు ప్రాంతాల చెరువుల్లో పెంచే రొయ్యల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు దొరుకుతున్నాయని ఐరోపా సమాఖ్య 2016లో, భారత్ నుంచి వచ్చే చెరువు రొయ్యల సరుకుల్లో పరీక్షించే వాటాను 10 శాతంనుంచి 50 శాతానికి పెంచింది. తినేవారి ఆరోగ్యం దృష్ట్యా ఆ జాగ్రత్తను తప్పు పట్టలేం. కాని సరుకు రేవులో ఆగినా, వెనక్కి వచ్చినా మొదట ఎగుమతిదారు నష్టపోతాడు, తరవాత ఆ నష్టం చెరువు గట్టుమీద చెప్పే కౌంట్ ధరలోకి దిగుతుంది. మందు వాడని రైతుకూ, వాడిన రైతుకూ పరీక్ష ఒకటే. దుప్నిత్స పేటలోని దుకాణదారుకు తన ఊరి కోర్టునుంచి లక్సెంబర్గ్‌కు ప్రశ్న పంపించే దారి ఉంది. భీమవరం రైతుకు అలాంటి దారి లేదు. అతని మాట ఎగుమతి సంఘంనుంచి సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థకు, అక్కడినుంచి వాణిజ్య మంత్రిత్వ శాఖకు, ఆ తరవాత రెండు ప్రభుత్వాల చర్చల్లోకి వెళ్లాలి. రాజ్యం రాజ్యంతో మాట్లాడే ఈ పాత పద్ధతి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఎలా నడుస్తుందో తరవాతి భాగంలో చదువుతారు.